ఏ మిక్సు అసలుది?



ఒకే పాట, వాయించిందీ పాడిందీ అదే మనుషులు, కానీ రికార్డులు మాత్రం రెండు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని గంటల తరబడి వినేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. ఒకదానిలో డ్రమ్స్ ఎక్కడో గోడ అవతల మోగుతున్నట్టుంటాయి, రెండోదానిలో మొహం మీదే మోగుతాయి. ఒకదానిలో పాట మెల్లగా తగ్గుతూ పోతుంది, రెండోదానిలో చివరి దెబ్బ దాకా వినిపిస్తుంది. ఇందులో ఏది అసలుది, ఏది మెరుగైనది అని వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటారు. ఈ వాదన నాకు చాలా ఇష్టం. ఒక రికార్డును ఎవరు, ఎప్పుడు, ఏ తొందరలో, ఏ ఉద్దేశంతో తయారు చేశారో తెలిసేది ఇలా పోల్చి విన్నప్పుడే. ఈ రోజు ఆ సంగతే మాట్లాడతాను. ఎంచుకున్న సంగీతం పంక్. అందులోనూ చీకటి వైపు మొగ్గినది.

ఇలాంటి పోలికలకు పేరుపడ్డ రికార్డు ‘రా పవర్’. ఇగ్గీ అండ్ ద స్టూజెస్ అన్న బృందం పేరు మీద కొలంబియా కంపెనీ 1973 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పంక్ అన్న మాట ఊరూరా వినబడటానికి ఇంకా మూడు నాలుగేళ్లు టైముంది. ఎనిమిదే పాటలు, అంతా కలిపి 34 నిమిషాలు. ప్రమాదం, నరకం, చావు, విధ్వంసం అన్నీ పాటల పేర్లలోనే ఉన్నాయి. మొదటి పాట పేరు ‘సెర్చ్ అండ్ డిస్ట్రాయ్’. వెతికి నాశనం చేయడమన్నది వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం నిత్యం వాడిన మాట. ఆ రోజుల్లో ఈ రికార్డును కొన్నవాళ్లు తక్కువ. 1974 మొదట్లోనే బృందం కూడా విడిపోయింది. అయితే విన్నవాళ్లలో ఎలాంటివాళ్లున్నారో చూడండి. సెక్స్ పిస్టల్స్ గిటారిస్టు స్టీవ్ జోన్స్ ఈ రికార్డు పెట్టుకుని దానితోపాటు వాయిస్తూ గిటారు నేర్చుకున్నాడు. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ తనకు నచ్చిన రికార్డుల జాబితా రాసుకుంటూ దీన్ని మొదటి వరసలో పెట్టాడు.

స్టూజెస్‌ది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ ఊరు. 1971లో ఒకసారి చెల్లాచెదురయ్యారు. అప్పుడే పైకొస్తున్న ఇంగ్లండు గాయకుడు డేవిడ్ బోవీకి ఇగ్గీ పాప్ అంటే గురి. బోవీ మేనేజరు ఇగ్గీ వ్యవహారాలు కూడా చేతిలోకి తీసుకున్నాడు. ఇగ్గీ, గిటారిస్టు జేమ్స్ విలియమ్సన్ లండన్ వెళ్లారు. అక్కడ బాసుకూ డ్రమ్స్‌కూ సరిపోయే మనుషులు దొరకలేదు. చివరికి పాత బృందంలోని ఆష్టన్ అన్నదమ్ములను పిలిపించారు. స్కాట్ ఆష్టన్‌ది డ్రమ్స్. రాన్ ఆష్టన్ అంతకు ముందు స్టూజెస్ తీసిన రెండు రికార్డుల్లో గిటారు వాయించినవాడు. ఇప్పుడు గిటారు విలియమ్సన్ చేతిలో ఉంది కాబట్టి రాన్ బాస్ పట్టుకోవలసి వచ్చింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. గిటారు వదులుకుని బాస్ పట్టిన మనిషి వాయించింది, తీరా రికార్డు చేతికొచ్చాక చెవి పెట్టి వెతికితే గానీ దొరకలేదు.

1972 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లండన్‌లోని సీబీఎస్ స్టూడియోలో రికార్డింగు జరిగింది. ప్రొడ్యూసరు ఇగ్గీయే. మొదట మిక్సు చేసింది కూడా అతనే.

మిక్సింగ్ అంటే ఏమిటో అందరికీ తెలియకపోవచ్చు, ఒక్క మాట చెబుతాను. ఇప్పుడు నేను మాట్లాడుతున్న గదిలో నా ముందు ఒక మైకు ఉంది. అద్దం అవతల ఇంజనీరు కూర్చుని నా గొంతు ఎంత స్థాయిలో మీకు చేరాలో బల్ల మీది మీట జరిపి నిర్ణయిస్తున్నాడు. నా గొంతుతో పాటు వీణ ఒకటి, మృదంగం ఒకటి విడివిడి మైకుల్లో ఉన్నాయనుకోండి. ఏది ముందుండాలి, ఏది వెనక ఉండాలి, ఏది ఎడమ చెవికి, ఏది కుడి చెవికి అన్నది కూడా అతని చేతిలో పనే. వాయించినవాళ్లు వాయించి వెళ్లిపోయాక టేపు మీద మిగిలిన ఆ విడివిడి ధ్వనులను కలిపి ఒక పాటగా నిలబెట్టే పని మిక్సింగ్. పల్లవి మారదు, చరణం మారదు, తాళం మారదు. అయినా మిక్సు మారిందంటే పాట స్వభావమే మారిపోతుంది.

ఇగ్గీ చేసిన మిక్సులో వాద్యాలు దాదాపు అన్నీ ఒక పక్కకు, గొంతు ఇంకో పక్కకు చేరాయి. అది బయటికి పంపడానికి పనికిరాదని పైవాళ్లు తేల్చారు. బోవీ చేత మళ్లీ మిక్సు చేయించాలన్నారు. హాలీవుడ్‌లో చవకగా దొరికిన ఒక స్టూడియోలో, ఒక్క రోజులో ఆ పని అయిపోయింది. బోవీ తర్వాతి కాలంలో చెప్పినదాన్ని బట్టి, 24 ట్రాకుల టేపు ముందు పెడితే అందులో వాడింది మూడే. గిటారు ఒకదానిలో, గొంతు ఒకదానిలో, మిగతాదంతా కలగలిసి ఇంకోదానిలో. డ్రమ్సూ బాసూ ఒకే ట్రాకులో కలిసిపోయాక వాటిని విడదీయడం అప్పట్లో ఎవరి తరమూ కాదు. తర్వాత వచ్చిన మిక్సు వింటే మాత్రం టేపు మీద అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. ఏమైనా, ఒక రోజు, ఒక చవక స్టూడియో, తక్కువ సరంజామా. అందులోంచి వచ్చింది ఆ రికార్డు.

బోవీ చేసినవాటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఆ స్టూడియోలో టైమ్ క్యూబ్ అనే పరికరం ఉంది. 1971లో వచ్చింది. ధ్వనిని కొద్దిగా ఆలస్యంగా వినిపించడం దాని పని. ఈ రోజు ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఆ పరికరంలో కంప్యూటరూ లేదు, టేపూ లేదు. పెట్టెలో చుట్టలుగా చుట్టిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. ఒక చివర చిన్న స్పీకరు ధ్వనిని గొట్టంలోకి వదులుతుంది, రెండో చివర ఒక మైకు దాన్ని పట్టుకుంటుంది. గొట్టమంతా ప్రయాణించి రావడానికి పట్టే సమయమే ఆలస్యం. అందులో రెండు దారులు, ఒకటి 14 మిల్లీసెకన్లు, ఇంకొకటి 16 మిల్లీసెకన్లు. అంత చిన్న వ్యవధిని చెవి ప్రతిధ్వనిగా గుర్తించదు. ధ్వని దళసరి అయినట్టు, ఒక గిటారు వెనక ఇంకో గిటారు నీడలా నిలబడినట్టు అనిపిస్తుంది. ‘గిమ్మీ డేంజర్’ పాటలో విలియమ్సన్ గిటారును బోవీ ఈ గొట్టాల గుండా పంపించాడు. ‘యువర్ ప్రెటీ ఫేస్ ఈజ్ గోయింగ్ టు హెల్’ పాటలో డ్రమ్స్‌ను పంపించాడు. ఆ గిటారు ధ్వని ఎంత అందంగా వచ్చిందో ఇగ్గీయే మెచ్చుకున్నాడు.

ఇక్కడొక కీలకం ఉంది. ఇలాంటి హంగు మిక్సు చేసేటప్పుడు వేసింది. విడివిడి ట్రాకులున్న మూల టేపు మీద అది ఉండదు. తర్వాత ఎవరైనా ఆ మూల టేపు తీసుకుని కొత్తగా మిక్సు చేస్తే గొట్టాల గుండా వచ్చిన ఆ నీడ వాళ్లకు దొరకదు. మూలానికే వెళ్లాం కాబట్టి అసలైనదానికి ఇంకా దగ్గరయ్యామని వాళ్లు అనుకోవచ్చు. 1973లో జనం విన్నదానికి మాత్రం వాళ్లు దూరమే అయ్యారు.

1997లో సరిగ్గా అదే జరిగింది. కొలంబియా ఈ రికార్డును మళ్లీ విడుదల చేయదలచింది. బోవీ మిక్సు పలచగా ఉంది, బాస్ లేదు, డ్రమ్స్ లేవు అని ఏళ్లుగా అభిమానులు అంటూనే ఉన్నారు. ఈసారి ఇగ్గీ స్వయంగా న్యూయార్క్‌లో కూర్చుని మొత్తం కొత్తగా మిక్సు చేశాడు. స్థాయి చూపే ముళ్లన్నీ ఎర్ర గీత దాటి ఉండేలా కావాలనే చేశానని కూడా చెప్పాడు.

రెండింటి తేడా వినడానికి ‘సెర్చ్ అండ్ డిస్ట్రాయ్’ మంచి చోటు. 1973 రికార్డులో పాట మొదలవగానే విలియమ్సన్ గిటారు సన్నగా, పదునుగా, రేకు చీరినట్టు చెవిలో దిగుతుంది. ఇగ్గీ గొంతు దానితో సమానంగా ముందుంటుంది. డ్రమ్స్ ఎక్కడో వెనక గదిలో ఉన్నాయి. బాస్ దాదాపు లేదు. ఈ లోటు ఒక భయాన్ని పుట్టిస్తుంది. కాళ్ల కింద నేల లేదన్నట్టుంటుంది పాట. 1997 మిక్సులో నేల ఉంది, గోడలున్నాయి, పైకప్పూ ఉంది, అన్నీ ఒకేసారి మన మీద కూలుతున్నాయి. బాస్ వినిపిస్తుంది, డ్రమ్స్ వినిపిస్తాయి. మొదటి రికార్డులో కోసేసిన అరుపులు, మూలుగులు, గొణుగుళ్లు తిరిగొచ్చాయి. మెల్లగా తగ్గించేసిన పాటల చివరలు ఇప్పుడు ఇంకాస్త సాగుతాయి. తమ్ముడి డ్రమ్స్‌తో రాన్ బాస్ ఎలా జోడు కట్టిందో ఇన్నేళ్లకు జనానికి తెలిసింది. ఈ ఒక్కదానికి ఆ మిక్సుకు నేను రుణపడి ఉన్నాను.

కానీ ఒక కష్టం ఉంది. సీడీలో ధ్వనికి ఒక గరిష్ఠ స్థాయి ఉంటుంది, దాన్ని దాటడం కుదరదు. బాగా చేసిన రికార్డులో డ్రమ్ము మీద పడ్డ దెబ్బ ఆ గరిష్ఠాన్ని తాకినా, మిగతా పాట దానికి చాలా కింద నడుస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లలోనే దెబ్బకు దెబ్బతనం ఉంటుంది. 1997 సీడీలో సగటు స్థాయి గరిష్ఠానికి కేవలం 4 డెసిబెల్స్ కింద ఉందని లెక్కగట్టారు. ఇంత గట్టి సీడీలు చాలా అరుదు. కంప్యూటరు తెర మీద ఆ పాట గీతను చూస్తే శిఖరాలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు చదునుగా ఉంటాయి. కత్తిరింపు జరిగిన ప్రతిచోటా చెవికి బరబర వినిపిస్తుంది. రెండు మూడు పాటలు ఉత్సాహంగా వింటాం, ఆ పైన చెవి అలిసిపోతుంది.

అందుకే శ్రద్ధగల అభిమానులు పోల్చే ముందు ఒక పని చేస్తారు. రెండు రికార్డుల స్థాయినీ సమానం చేసుకుంటారు. ఏ రెండు ధ్వనులు పక్కపక్కన పెట్టినా, కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి తీర్పు చెబుతుంది. మనిషి వినికిడి తీరే అంత. గట్టి రికార్డును తగ్గించి రెండోదానితో సమానం చేశాక వింటే తీర్పు చాలాసార్లు తిరగబడుతుంది. 1997 మిక్సును అలా తగ్గించి విన్నవాళ్లకు అది ఒక్కసారిగా చిన్నబోయి వినిపిస్తుంది. ఎందుకంటే అందులో పైకి లేవడానికి జాగా మిగల్లేదు.

1973 ఎల్పీలో బాస్ తక్కువ కావడానికి గాడి పరిమితే కారణమని ఒక మాట ఉంది. ఎల్పీ మీద బాస్ ఎక్కువైతే గాడి వెడల్పవుతుంది, పక్కకి ఎంత నిడివి పట్టాలన్నది దాన్ని బట్టే మారుతుంది, నిజమే. కానీ ఈ రికార్డులో పక్కకి పదిహేడు నిమిషాలే. గాడికి కావలసినంత చోటుంది. బాస్ లేకపోవడం మిక్సు దగ్గరే జరిగింది, ప్లేటు కోసేచోట కాదు. ఇలాంటి విషయాలు తేల్చుకోవడానికే అభిమానులు లేబులు చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో గీకిన అంకెల్ని భూతద్దంతో చదువుతారు. ఏ దేశంలో, ఏ మాస్టరు నుంచి కోసిన ప్లేటో ఆ అంకెలు చెబుతాయి. ఈ ఓపికను నేను గౌరవిస్తాను.

వాయించినవాళ్లు ఏమన్నారన్నది కూడా ఆసక్తికరమే. ఇగ్గీ మిక్సు వల్ల ఎక్కువ లాభపడ్డవాడు రాన్ ఆష్టనే కదా, అతని బాస్ బయటపడింది. అయినా తనకు పాతదే నచ్చిందని అతను చెప్పాడు. విలియమ్సన్ గిటారు మీది నునుపంతా ఇగ్గీ తీసేశాడని, తన అరుపులన్నీ మళ్లీ తెచ్చిపెట్టుకున్నాడని రాన్ అభిప్రాయం. విలియమ్సన్ కూడా కొత్త మిక్సును మెచ్చుకోలేదు.

నా ఓటు బోవీ మిక్సుకే. లోపాలు లేవని కాదు. ‘షేక్ అపీల్’ లాంటి పాటకు ఇంకాస్త కాలి బలం ఉండాల్సింది. కానీ ‘గిమ్మీ డేంజర్’లో ఆ అకూస్టిక్ గిటారు మెల్లగా మొదలై, దాని వెనక నుంచి విద్యుత్ గిటారు నీడలా లేచి మనల్ని కమ్మేసే తీరు ఆ మిక్సులోనే ఉంది. చీకటి రావాలంటే వెలుతురు, ఖాళీ కూడా ఉండాలి. అన్నీ ఒకే స్థాయిలో అరిస్తే చీకటి పోయి హోరు మిగులుతుంది.

అయినా నాకు కోపం తెప్పించేది ఇగ్గీ మిక్సు ఉండటం కాదు. తన పాటను తను ఇంకోలా వినాలనుకునే హక్కు అతనికి నిండుగా ఉంది. బాధంతా ఆ కొత్త మిక్సు పాతదాన్ని పక్కకు నెట్టేసి అదే పేరుతో, అదే అట్టతో దాని చోటులో కూర్చోవడం గురించి. బోవీ మిక్సును శుభ్రం చేసి కంపెనీ మళ్లీ ముందుకు తెచ్చింది 2010లో. ఈ మధ్య పదమూడేళ్లలో ‘రా పవర్’ కొన్న కుర్రాళ్లలో చాలామందికి స్టీవ్ జోన్స్ వాయిస్తూ నేర్చుకున్న రికార్డు ఇది కాదని తెలియనే తెలియదు.

మళ్లీ విడుదలైందంటే అసలుకు దూరమైందనే అనుకోకూడదు. దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఒకటుంది, మిస్‌ఫిట్స్ బృందానిది. న్యూజెర్సీలోని లోడై ఊరి కుర్రాళ్లు. భయానక సినిమాలు, పుర్రెలు, శవపేటికలు వాళ్ల లోకం. హారర్ పంక్ అన్న ముద్ర ఎక్కువగా వాళ్ల వల్లే వచ్చింది. గాయకుడు గ్లెన్ డాంజిగ్ తన సొంత చిన్న కంపెనీకి బ్లాంక్ అని పేరు పెట్టుకున్నాడు. మెర్క్యురీ అనే పెద్ద కంపెనీకి అదే పేరు కావలసి వచ్చింది. పేరు వదులుకున్నందుకు బదులుగా వాళ్లకు న్యూయార్క్ స్టూడియోలో 30 గంటల సమయం దొరికింది. 1978 మొదట్లో ఆ గంటల్లోనే 17 పాటలు రికార్డు చేశారు. ఆ ఆల్బమ్ పేరు ‘స్టాటిక్ ఏజ్’. విడుదల చేయడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. నాలుగు పాటలు మాత్రం ఆ ఏడే ‘బుల్లెట్’ అనే చిన్న రికార్డుగా బయటికొచ్చాయి.

బృందం విడిపోయాక 1985లో డాంజిగ్ ఆ టేపుల్లోంచి చాలా పాటలు తీసి ‘లెగసీ ఆఫ్ బ్రుటాలిటీ’ అనే సంకలనంగా విడుదల చేశాడు. అయితే పాత వాయింపు మీద తనే గిటారూ బాసూ కొత్తగా వాయించి కలిపాడు. మరో రెండేళ్లకు మెటాలికా అనే మెటల్ బృందం మిస్‌ఫిట్స్ పాట పాడటంతో వాళ్ల పేరు ఇంకా పెరిగింది. కొత్తగా వచ్చిన అభిమానుల్లో చాలామందికి దొరికింది ఆ సంకలనమే. 1978లో నలుగురు కలిసి వాయించిన ఆల్బమ్ మాత్రం విడుదల కాకుండానే ఉండిపోయింది. బృంద సభ్యుల మధ్య హక్కుల తగువు 1995లో తేలింది. 1996లో శవపేటిక ఆకారంలో చేసిన పెట్టెలో నాలుగు సీడీలు వచ్చాయి. అందులో ఒకటి ‘స్టాటిక్ ఏజ్’, మరుసటి ఏడు విడిగానూ అమ్మకానికి వచ్చింది. ‘హైబ్రిడ్ మోమెంట్స్’ పాటను రెండు రూపాల్లోనూ వినండి. సంకలనంలో ధ్వని మందంగా, పొరలు పొరలుగా ఉంటుంది. ‘స్టాటిక్ ఏజ్’లో జెర్రీ ఓన్లీ బాస్ బరబరమంటూ పాటను మోసుకుపోతుంది, ఫ్రాంషే కోమా గిటారు దాని పక్కన నిలబడుతుంది. ఒకే గదిలో నలుగురు కుర్రాళ్లు గడియారం చూసుకుంటూ వాయిస్తున్నారని తెలిసిపోతుంది. ఇక్కడ మొదట వచ్చింది మార్చినది, రికార్డు చేసిన పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది అసలు.

జానీ థండర్స్, అతని హార్ట్‌బ్రేకర్స్ బృందం 1977లో తెచ్చిన ‘ఎల్.ఎ.ఎమ్.ఎఫ్.’ కథ ఇంకో రకం. ఆ ఎల్పీ ధ్వని ఎంత మసకగా ఉందంటే డ్రమ్మర్ జెర్రీ నోలన్ ఆ మిక్సు మీద అలిగి బృందాన్నే వదిలేశాడు. 1984లో ఒక కొత్త మిక్సు వచ్చింది, 1994లో పాత టేపుల్లోంచి ఏరిన మిక్సులు వచ్చాయి, ఆ తర్వాత దొరికిన 1977 నాటి మాస్టరు నుంచి 2021లో మళ్లీ విడుదలైంది. మసకతనం మిక్సుది కాదని, ప్లేటు తయారీదని అభిమానులు ఎన్నాళ్లుగానో అంటున్న మాటకు ఆ టేపు బలమిచ్చింది.

కంపెనీలను నేను అడిగేది ఒకటే. పాత రికార్డును మళ్లీ తెచ్చినప్పుడు అది పాత మిక్సా, కొత్త మిక్సా, పాత మిక్సునే శుభ్రం చేశారా, ఎవరు చేశారు, ఏ టేపు నుంచి చేశారు అన్నది అట్ట వెనక స్పష్టంగా అచ్చు వేయాలి. రీమాస్టర్ అన్న మాట పెట్టి రీమిక్స్ అమ్మకూడదు. శుభ్రం చేయడం వేరు, కొత్తగా కలపడం వేరు. కొత్త మిక్సు తెస్తే పక్కనే పాతదీ దొరకాలి. ఫోనులో పాటలు వినే ఈ రోజుల్లో ఇది మరీ అవసరం. అక్కడ అట్ట వెనక చదవడానికి ఏమీ ఉండదు, కంపెనీ రాత్రికి రాత్రి ఒక మిక్సు తీసి ఇంకోటి పెట్టినా తెలుసుకునే దారి లేదు. ‘రా పవర్’ విషయంలో 2012లో రెండు మిక్సుల్నీ కలిపి జంట ఎల్పీగా తెచ్చారు. ప్రతి వివాదాస్పద రికార్డుకూ ఇలాగే చేయవచ్చు.

ఈ సంగీతం మీకు కొత్తయితే ఎనిమిది పాటలూ ఒక్కసారి వినక్కర్లేదు. ‘గిమ్మీ డేంజర్’ ఒక్కటి చాలు. ముందు బోవీ మిక్సు వినండి, తర్వాత 1997ది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రెండోది మొదలయ్యే ముందు వాల్యూమ్ తగ్గించి రెండూ ఒకే స్థాయికి తెచ్చుకోండి. గిటారు ఎక్కడ నిలబడింది, గొంతు ఎంత దగ్గరికొచ్చింది, చివర్లో పాట ఎలా ముగిసింది, ఈ మూడూ గమనించండి. ఆ తర్వాత మీకు ఇగ్గీ మిక్సే నచ్చిందంటే, నా ఓటు వేరైనా సరే, మీ కారణాలు వినడానికి నేను సిద్ధం.